దెబ్బ తిన్న వీరుడు తెల్లవారేసరికి కోలుకోవచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు, పోరులో తగిలే గాయాల గురించే అడిగాయి. అందువల్ల మిగతా ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి ఆ మూడింటికే జవాబు రాస్తున్నాను. ఈ శీర్షికను మొదటిసారి చదువుతున్నవారికి ఒక్క మాట చెప్పాలి. ఇక్కడ ప్రస్తావన కంప్యూటర్ ఆటలది కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చొని, ఒకరు కథ నడుపుతుండగా మిగతావారు తలా ఒక పాత్రను పట్టి, ఏమవుతుందో తేలని చోట పాచికలు వేసి ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలది.

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): నమస్కారం సార్. మేము ఐదుగురం ఆదివారాలు మా మేడ మీది గదిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ కూర్పును, 2014 నాటి పుస్తకాలతో ఆడుతున్నాము. కథ నేను నడుపుతాను. దేవరకొండ కోటను పోలిన ఒక కోటను శత్రువులు ముట్టడించడం, దానిని కాపాడడం మా కథ. ఈ మధ్య ఒక పోరులో బురుజు కావలివాడు హిట్ పాయింట్లు (దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే లెక్క) అయిపోయి మూడుసార్లు సున్నాకు పడిపోయాడు. మూడుసార్లూ మా వైద్య మంత్రగాడు దూరం నుంచే ఒక మంత్రం పలికి లేపాడు. నాలుగైదు పాయింట్లతో లేచినవాడు ఏమీ జరగనట్టు కత్తి తిప్పాడు, రాత్రి పడుకొని లేచేసరికి పూర్తిగా కోలుకున్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మరుసటి వారం, కథ నడిపేవారి పుస్తకంలో ఐచ్ఛికంగా ఇచ్చిన శాశ్వత గాయాల పట్టికను వాడాను. మొదటి రోజే విలుకాడి చేయి పోయింది. ఆ పాత్రను ఆడే మిత్రుడు అప్పటి నుంచి రావడం లేదు. గాయానికి బరువు ఉండాలి, మిత్రుడూ ఉండాలి. ఏదైనా దారి చెప్పగలరు.

జవాబు: మీ మిత్రులు నవ్వడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే హిట్ పాయింట్ల నియమం పుట్టుకలోనే ఆ నవ్వు దాగి ఉంది. ఈ ఆటలకు ముందు బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆటలు ఉండేవి. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి తెచ్చిన చెయిన్‌మెయిల్ అటువంటిదే. అందులో మామూలు సైనికుడికి దెబ్బ తగిలిందంటే బొమ్మను తీసి పక్కన పెట్టడమే. మన పులి మేక ఆటలో మేక పటం మీద ఉంటుంది, లేదంటే పోతుంది, అంతేగాని కుంటుతూ తిరగదు కదా, ఇదీ అంతే. తరువాత గైగాక్స్‌తో కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను రూపొందించిన డేవ్ ఆర్నెసన్ తన బల్ల దగ్గర ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క వీరుడిని అప్పగించి ఆడించినప్పుడు, పేరు పెట్టి పెంచుకున్న వీరుడు ఒక్క దెబ్బకు పోవడం ఎవరికీ రుచించలేదు. అప్పుడాయన అమెరికా అంతర్యుద్ధ కాలపు ఓడల పోరు కోసం తాను అంతకుముందు రాసుకున్న నియమాలలోని లెక్కను తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఓడ మునగాలంటే ఇన్ని దెబ్బలు తగలాలి అన్న ఆ లెక్కే 1974లో అచ్చయిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో హిట్ పాయింట్లుగా స్థిరపడింది. ఓడకు కొలిచి కుట్టిన చొక్కాను మనిషికి తొడిగారన్నమాట. అది ఇప్పటికీ భుజాల దగ్గర వదులుగానే ఉంటుంది.

ఆ వదులును గైగాక్స్ కూడా గమనించాడు. 1979లో వచ్చిన కథ నడిపేవారి పుస్తకంలో, హిట్ పాయింట్లంటే ఒంట్లోని మాంసమూ నెత్తురూ మాత్రమే కావని, ఒడుపు, అదృష్టం, దైవబలం కూడా వాటిలో కలిసి ఉన్నాయని వివరించాడు. ఈ వివరణను ఒప్పుకుంటే, పాయింట్లు తగ్గుతున్నంతసేపు కత్తి వంటికి తగలడం లేదు, తప్పించుకునే ఓపిక తరిగిపోతున్నది. అలాంటి అలసట ఒక రాత్రి నిద్రతో తీరడంలో వింత లేదు. అయితే ఈ సమర్థన సున్నా గీత వరకే పనిచేస్తుంది. సున్నాకు చేర్చిన దెబ్బ నిజంగా ఒంట్లో దిగిన దెబ్బ. అదే పుస్తకంలో, సున్నాకు పడినవాడు వంతుల ప్రతి చుట్టుకు ఒక పాయింటు చొప్పున నెత్తురు కోల్పోతూ మైనస్ 10కి చేరితే చనిపోతాడని, ఈలోగా కాపాడినా కొంతసేపు స్పృహ లేకుండా ఉండి ఆ తరువాత కనీసం వారం రోజులు విశ్రాంతి తీసుకోవాలని రాశారు. మైనస్ 6కు గాని అంతకన్నా దిగువకు గాని చేరితే మచ్చ మిగలడమో, అవయవం పోవడమో కథ నడిపేవారి ఇష్టానికి వదిలారు. మీరు ఆడే కూర్పులో ఆ వారం రోజులు లేవు. పడినవాడు తన వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల పాచిక వేస్తాడు. 10 గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే ఒక గెలుపు, తక్కువ పడితే ఒక ఓటమి. మూడు గెలుపులకు నిలకడ, మూడు ఓటములకు మరణం. ఈ పాచికల ఉత్కంఠ నాకు ఇష్టమే. కాని అది ముగిసిన తరువాత ఏమీ మిగలదు. లేచినవాడికి మచ్చ లేదు, నొప్పి లేదు, మోయవలసిన రోజు ఒక్కటి కూడా లేదు.

ఇక్కడ లక్ష్మణమూర్ఛను ఒకసారి తలచుకోండి. సంజీవని వాసన తగిలిన వెంటనే లక్ష్మణుడు లేచి కూర్చున్నాడు, మరుసటి పోరులో ఏ లోటూ లేకుండా బాణాలు వేశాడు. మంత్రంతో లేవడమే తేలిక అయితే ఆ ఘట్టం కూడా మనకు నవ్వు తెప్పించాలి. తెప్పించదు, ఎందుకంటే మందు హిమాలయాలలో ఉంది, తెల్లవారేలోగా తేవాలి, తెచ్చేవాడు వెళ్లిన దారిలో అడ్డంకులు ఉన్నాయి, అన్న రాముడు యుద్ధం సంగతే మరచిపోయి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. గాయపడిన ఒక్కడి వల్ల శిబిరమంతా కదిలింది. మీ కావలివాడి గాయానికి కరువైనది ఇదే. అతడి ఒంటికి ఏం జరిగిందన్నదాని కంటే, అతడు పడడం వల్ల మిగిలిన ముగ్గురు ఏం చేయవలసి వచ్చిందన్నదే గాయానికి బరువు ఇస్తుంది.

మీరు వాడిన పట్టిక ఆ పని చేయదు. అందులో 20 ముఖాల పాచిక వేసినప్పుడు 1 పడితే కన్ను, 2 పడితే చేయి, 3 పడితే కాలు పోతాయి. అంటే వేసిన ప్రతిసారీ నూటికి 15 పాళ్లు అవయవ నష్టమే. ఒక సాయంత్రం మీ బృందం మొత్తం మీద నాలుగుసార్లు సున్నాకు పడి, ప్రతిసారీ పట్టిక చూస్తే, కనీసం ఒక్కరికి ఏదో ఒక అవయవం పోయే అవకాశం నూటికి 48 దాకా వస్తుంది. పోయిన చేతిని తిరిగి మొలిపించే మంత్రం ఏడవ స్థాయిది, అది మీ కోట దరిదాపుల్లో ఎవరి దగ్గరా ఉండి ఉండదు. పైగా చేయి పోతే కావలివాడు ఒంటి చేత్తో కత్తి తిప్పగలడు గాని, విలుకాడు విల్లు ఎక్కుపెట్టలేడు. ఒకే గాయం ఒకరికి ఇబ్బందిగా, మరొకరికి ఆట నుంచి ఉద్వాసనగా పనిచేసింది. మీ మిత్రుడు అలగలేదనుకుంటాను, ఆయన వచ్చి చేయడానికి ఆ బల్ల దగ్గర పని లేకుండా పోయింది.

నేను చేయమనేది ఇది. పడినవాడికి ఆ పోరు ముగిసేవరకు ఏ లోటూ పెట్టకండి. లేస్తే లేవనివ్వండి, తిప్పితే కత్తి తిప్పనివ్వండి. పోరు ముగిశాక, ఎన్నిసార్లు సున్నాకు పడ్డాడో అన్ని మెట్లు అలసట అతడికి ఎక్కించండి. అలసటకు మీ పుస్తకంలోనే ఆరు మెట్లు ఉన్నాయి. మూడవ మెట్టుకు వచ్చేసరికి నడక వేగం సగమై, కొట్టే దెబ్బలన్నీ తడబడతాయి, ఆరవది మరణం. సున్నాకు పడితే ఒక మెట్టు అలసట అన్న నియమాన్ని చాలా బృందాలు ఇప్పటికే పాటిస్తున్నాయి. పోరు ముగిశాకే లెక్కించాలన్నది మాత్రం నా చేర్పు. దీనికి తోడు కథ నడిపేవారి పుస్తకంలోని కఠిన విశ్రాంతి నియమాన్ని తీసుకోండి. దాని ప్రకారం చిన్న విశ్రాంతి 8 గంటలు, పెద్ద విశ్రాంతి 7 రోజులు. ఒక పెద్ద విశ్రాంతికి ఒక మెట్టు మాత్రమే తగ్గుతుంది. మూడుసార్లు పడిన మీ కావలివాడికి 21 రోజులు పడుతుంది. ముట్టడిలో ఉన్న కోటలో 21 రోజులంటే మాటలా? గాదెలో ధాన్యం లెక్క మారుతుంది, బురుజు మీద అతడి స్థానంలో ఎవరు నిలబడాలన్న గొడవ వస్తుంది, రాత్రివేళ దొంగదారిన వెళ్లి మందుమాకులు తేవడానికి ఎవరో ఒకరు సిద్ధపడాలి. ఏడు కొండల నడుమ ఉన్న కోట కదా, దారులకు కొదవ లేదు.

పోరులోనే లోటు పెడితే ఎందుకు కాదంటారా, అది మా బృందం చేసి చూసిన తప్పు. వాంపైర్ ద మాస్కరేడ్ అని 1991లో వచ్చిన ఆటలో గాయం ముదిరే కొద్దీ వేసే పాచికల సంఖ్య తగ్గుతుంది. మొదట ఒకటి, తరువాత రెండు, చివరకు ఒక్కసారిగా ఐదు. చదవడానికి ఎంతో సహజంగా అనిపించి, పాలమూరులో మేము ఆడే కోయిలకొండ కథలోకి దానిని దించాను. మొదటి దెబ్బ తిన్నవాడు రెండవ దెబ్బ సరిగా కొట్టలేడు, కొట్టలేడు కాబట్టి ఇంకొకటి తింటాడు. గెలుపోటములు మొదటి పావుగంటలోనే తేలిపోయి, మిగిలిన గంటసేపు లేవలేనివారు లేవలేనివారిని కొట్టడానికి ప్రయత్నించడం చూస్తూ కూర్చున్నాము. ఆ గంట ఇప్పటికీ నాకు గుర్తుంది.

విలుకాడి సంగతి. నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడానికి మొహమాటపడకండి. గర్ప్స్ అనే ఆటలో మంచి పద్ధతి ఒకటి ఉంది. అవయవం దెబ్బతిన్నప్పుడు అది ఎన్నాళ్లకు బాగవుతుందో అప్పటికప్పుడు తేల్చరు. పోరు ముగిశాక ఆరోగ్యం మీద, అంటే పాత్రకు ఉన్న ఆరోగ్యపు అంకెతో పోల్చి, పాచికలు వేస్తారు. కలిసివస్తే మిగతా గాయాలతోపాటే మానుతుంది, తప్పితే నెలలు పడుతుంది, మరీ ఘోరంగా తప్పితేనే శాశ్వతం. మీ మిత్రుడికి ఫోన్ చేసి, చేయి పోలేదని, విరిగిందని, కట్టు కట్టారని చెప్పండి. ఆ గాయం ఎటువంటిదో ఆయననే చెప్పమనండి. 2013లో వచ్చిన ఫేట్ కోర్‌లో ఆటగాడే దెబ్బను గాయంగా స్వీకరించి, కథ నడిపేవారితో కలిసి దానికి పేరు పెడతాడు. తాను ఒప్పుకొని పేరు పెట్టిన గాయాన్ని ఎవరూ ద్వేషించరు. కట్టు విప్పేదాకా విలుకాడు బురుజు మీద నిలబడి పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్లకు గురి నేర్పుతాడు. ఆ కుర్రవాళ్ల పాచికలను ఆయన చేతికే ఇవ్వండి.

ప్రశ్న (జడ్చర్ల నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు): మా పిల్లలకు కర్రసాము నేర్పుతాను. దెబ్బ మోకాలికి తగలడం, మణికట్టుకు తగలడం, తలకు తగలడం వేరువేరు సంగతులు. మీ ఆటలలో ఎక్కడ తగిలిందో చెప్పకుండా ఎనిమిది పాయింట్లు పోయాయంటే నాకు అర్థం కాదు. ఎక్కడ తగిలిందో చెప్పే ఆట ఉన్నదా? ఉంటే అది మేలైనదా?

జవాబు: మీవంటివారే రాసిన ఆట ఒకటి ఉంది. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌ను రూపొందించినవారిలో ముఖ్యుడైన స్టీవ్ పెరిన్, పాతకాలపు పోరాటాలను నకలు కత్తులతో, డాళ్లతో నిజంగా ఆడే సంఘంలో సభ్యుడిగా ఉండేవాడు. దెబ్బలు ఎక్కడ పడతాయో ఒంటితో తెలిసినవాడు. ఆ ఆట తొలి కూర్పులలో దెబ్బ తగిలిన వెంటనే 20 ముఖాల పాచిక వేస్తారు. 1 నుంచి 8 దాకా పడితే కాళ్లు, 9 నుంచి 11 దాకా పొట్ట, 12 పడితే ఛాతీ, 13 నుంచి 18 దాకా చేతులు, 19, 20 పడితే తల. నూటికి 40 దెబ్బలు కాళ్ల మీదనే పడతాయని గమనించారా? డాలు పట్టినవాడికి కాళ్లే బయట ఉంటాయి కాబట్టి మీ అనుభవానికి ఇది దగ్గరగానే ఉంటుందని అనుకుంటాను. ఒక్కొక్క భాగానికి విడిగా పాయింట్లు ఉంటాయి. కాలి పాయింట్లు అయిపోతే కాలు పనిచేయదు, మనిషి కూలబడతాడు, కాని ప్రాణం ఉంటుంది, లొంగిపోతానని చెప్పుకునే నోరు ఉంటుంది. అందువల్ల ఆ ఆటలో పోరులు చావుకన్నా లొంగుబాటుతో ముగిసే వీలు ఎక్కువ. ఖైదీలు, వారికి పెట్టే కూడు, వారి విడుదలకు అడిగే సొమ్ము, ఇదంతా కథలోకి వస్తుంది.

ఇదే దారిలో మరింత దూరం వెళ్లినవారూ ఉన్నారు. 1980లో వెలువడిన ఆర్మ్స్ లా, తరువాత రోల్‌మాస్టర్ అనే ఆటలో భాగమైంది. ఒక్కొక్క ఆయుధానికి ఒక్కొక్క పట్టిక, 20 రకాల కవచాలకు వేరువేరు వరుసలు, పెద్ద దెబ్బకు మళ్లీ ఇంకొక పట్టిక. 1990 నాటి సైబర్‌పంక్ 2020లో చేతికో కాలికో ఒకే దెబ్బలో 8 పాయింట్లు మించి నష్టం జరిగితే ఆ అవయవం తెగిపోయినట్టే. తుపాకుల ఆట కాబట్టి ఆటగాళ్లు పోరుకు దిగే ముందు రెండుసార్లు ఆలోచిస్తారు.

మేలైనదా అన్నది మీ దగ్గర ఎంత సమయం ఉన్నదన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. శరీరాన్ని ఏడు భాగాలు చేసి, నలుగురు వీరులను ఆరుగురు బందిపోట్లతో పోరాడిస్తే కాగితం మీద 70 అంకెలు రాసుకోవాలి. పిల్లలతో బడి వదిలాక గంటసేపు ఆడేటట్టయితే ఆ గంటలో ఒక్క పోరు కూడా తెగదు. వీరులకూ బందిపోట్ల నాయకుడికీ మాత్రమే భాగాల లెక్క ఉంచి, మిగతా ఐదుగురిని ఒక్క దెబ్బకు పడేవారిగా పెట్టుకుంటే అంకెలు సగానికి వస్తాయి. నా మటుకు నేను 1977లో మార్క్ మిల్లర్ తెచ్చిన ట్రావెలర్ పద్ధతినే ఇష్టపడతాను. అందులో హిట్ పాయింట్లే లేవు. దెబ్బ నేరుగా పాత్ర బలాన్ని, చురుకుదనాన్ని, ఓర్పును తగ్గిస్తుంది. మొదటి దెబ్బ ఈ మూడింటిలో దేనిమీద పడుతుందో పాచికే చెబుతుంది. ఒకటి సున్నా అయితే స్పృహ తప్పుతుంది, రెండు అయితే తీవ్ర గాయం, మూడూ అయితే మరణం. ఎక్కడ తగిలిందో చెప్పదు గాని, తగిలిన తరువాత ఆ మనిషి ఏ పని చేయలేకపోతున్నాడో చెబుతుంది. చురుకుదనం పోయినవాడికి మణికట్టు దెబ్బ అని మీరే చెప్పవచ్చు. మీ పిల్లలు నమ్ముతారు, చెప్పేది కర్రసాము గురువు కదా.

ప్రశ్న (సూర్యాపేట నుంచి ఒక పాఠకురాలు): మేము కాల్ ఆఫ్ కతూలూ అనే భయానక కథల ఆట ఆడుతున్నాము. మా బృందంలోని ఒక మిత్రుడు హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ప్రమాదంలో పడి చాలా నెలలు మంచాన ఉన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. అయితే ఆటలో ఎముక విరగడం, ఆసుపత్రి వంటి మాటలు వచ్చినప్పుడు మౌనంగా అయిపోతాడు. అడిగితే, నా కోసం ఆట మార్చవద్దు అంటాడు. ఏం చేయాలి?

జవాబు: అందరి ముందు అడిగితే ఎవరైనా ఆ మాటే అంటారు. విడిగా, ఆట లేని రోజు అడగండి. అదీ ఏవి వద్దో అని కాకుండా, ఏవి చెప్పినా ఫరవాలేదో అని అడగండి. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తు వేసిన కార్డు ఒకటి ఉంచే పద్ధతి కూడా ఉంది, జాన్ స్టావ్రోపోలస్ అనే ఆయన దానిని ప్రచారంలోకి తెచ్చారు. ఎవరైనా కార్డును తాకితే ఆ సంగతిని అక్కడితో వదిలి ముందుకు వెళ్తారు, కారణం ఎవరూ అడగరు. మొదటి రోజు మీరే ఏదో చిన్న విషయానికి దానిని తాకి చూపండి, అప్పుడు అది ఆయన ఒక్కరి కోసం పెట్టినట్టు ఉండదు.

నియమాల వైపు నుంచి మరొక ఇబ్బంది ఉంది. మీ ఆట ఏడవ కూర్పులో, ఒకే దెబ్బకు మొత్తం పాయింట్లలో సగం గాని అంతకన్నా ఎక్కువ గాని పోతే దానిని పెద్ద గాయంగా లెక్కిస్తారు. అటువంటి గాయం లేనివారు రోజుకు ఒక పాయింటు చొప్పున కోలుకుంటారు. ఉన్నవారు వారానికోసారి దేహదారుఢ్యం మీద పాచికలు వేయాలి. గెలిస్తే ఒకటి నుంచి మూడు పాయింట్లు, ఓడితే ఆ వారమంతా మంచం మీద గడిచిందంతే. ఈ నియమం నాకు చాలా ఇష్టం. నల్లగొండ విద్యార్థికి నేను పైన చెప్పిన సలహాకు మూలం కూడా ఇదే. కాని వారం వారం పాచిక వేసి, ఈ వారం కూడా లేవలేదు అనిపించుకోవడం మీ మిత్రుడు ఒకసారి నిజంగా అనుభవించి వచ్చిన సంగతి. రక్తం, విరిగిన ఎముక వంటి వర్ణనలను మీరు మానేసినా ఆ పాచిక మిగిలే ఉంటుంది.

కాబట్టి మీ బల్ల దగ్గర ఆ వారాల లెక్కను తీసివేయండి. పడినవాడు స్పృహ తప్పాడని మాత్రం చెప్పి, తరువాతి దృశ్యానికి లేచి తిరుగుతున్నట్టు చూపండి. నల్లగొండలో నవ్వు తెప్పించిన ఆ ఒక్క రాత్రి నిద్ర నియమమే మీకు సరిపోతుంది. అందరికీ ఒకేలా వర్తింపజేయండి, ఆయన పాత్రకు మాత్రమే మినహాయింపు ఇస్తే అది కూడా ఆసుపత్రి మంచంలాగే ఉంటుంది.